చిన్నతాతయ్య గిటార్ ఏ కంపెనీది?

పద్మారావునగర్‌లో అమ్మమ్మ వాళ్ళ పాత ఇంటిని ఈ ఏడాది డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశారు. సామాను ఖాళీ చేసే పని నా మీదా, మా బావ మీదా పడింది. ఇత్తడి గంగాళాలు, ఉయ్యాల గొలుసులు, దేవుడి పటాలు, తాళం పోయిన ట్రంకు పెట్టెలు అన్నీ దించాక అటక చివర్లో దుప్పటి చుట్టిన మూట ఒకటి మిగిలింది. విప్పితే గిటార్. మా అమ్మ వాళ్ళ చిన్నాన్నది, అంటే నాకు చిన్నతాతయ్య. ఆయన పోయి 30 ఏళ్ళు దాటింది. గిటార్ వాయించేవాడని విన్నామే తప్ప, ఆ గిటార్ ఇంకా ఇంట్లోనే ఉందని మాలో ఎవరికీ తెలియదు.

దాని తల మీద, తీగల శ్రుతి సరిచేసే కీలు బిగించే చోట, సగం చిరిగిన స్టిక్కర్ ఉంది. బావ బొటనవేలితో దుమ్ము తుడిచి చూశాడు. "ఒరేయ్, ఇది గిబ్సన్‌రా! అమెరికాది. లక్షల్లో పలుకుతుంది" అన్నాడు. సాయంత్రానికి ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్ళాయి. పిన్ని కొడుకు ఫొటోని ఫోన్లో వెతికి "హాఫ్నర్, జర్మనీ" అని పెట్టాడు. సెకండ్ హ్యాండ్ గిటార్లు కొనే ఒకాయనకి పంపితే నిమిషంలో ఫోన్ చేశాడు. "గిబ్సన్ కాదు సార్, గివ్‌సన్ అయ్యుంటుంది. కలకత్తా సరుకు. 2,000 ఇస్తా, రేపే వచ్చి తీసుకెళ్తా."

ఒక్క పూటలో మూడు పేర్లు, రెండు ధరలు. ముగ్గురిలో ఒక్కరు కూడా గిటార్ లోపలికి చూడలేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. పాత వాద్యం చేతికి రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఏ కంపెనీ?" అని. ఆ ప్రశ్నతో మొదలుపెట్టినందువల్లే చాలా పాత గిటార్లు ఎక్కడివో తేలకుండా పోతున్నాయని నా నమ్మకం. పేరు వెతికే తొందరలో, దాని మీద ఎవరెవరి చేతులు పడ్డాయో చెప్పే ఆనవాళ్ళని మనమే చెరిపేస్తున్నాం. నేనూ కొంత చెరిపేశాను. ఆ సంగతి కూడా చెబుతాను.

ముందు గిటార్ ఎలా ఉందో చెప్పాలి. మామూలు గిటార్‌లా పైభాగం చదునుగా ఉండదు. వయొలిన్‌లా మధ్యలో ఉబ్బి, అంచుల వైపు వాలుతుంది. ఆర్చ్‌టాప్ అంటారు. మధ్యలో గుండ్రటి రంధ్రం లేదు. రెండు పక్కలా రెండు సన్నటి చీలికలు, సగం మూసిన కళ్ళలా ఉన్నాయి. ఆర్చ్‌టాప్‌లకు సాధారణంగా వయొలిన్‌కి ఉన్నట్టు ఎఫ్ ఆకారంలో రంధ్రాలుంటాయి. ఇలా కన్ను ఆకారంలో ఉండేవి తక్కువ. మెడ చివర, తీగల కింద, నల్లటి పికప్ ఒకటి, అంటే తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే కాయిల్. కింద రెండు నాబ్‌లు. అవి గిటార్ నాబ్‌లు కావు. మా ఇంట్లో ఒకప్పుడు ఉన్న వాల్వ్ రేడియో నాబ్‌ల లాంటివి, గోధుమరంగు బేకలైట్. నట్ మీద, అంటే తల దగ్గర తీగలు ఆనే గాడి మీద, ఎవరో ఎత్తుగా ఒక ఇనుప పట్టీ తొడిగారు. దానివల్ల తీగలు మెట్లకి దాదాపు సెంటీమీటరు పైన తేలుతున్నాయి. వేలితో నొక్కితే మెట్టుకి ఆనడమే కష్టం.

ఇలాంటి దాన్ని ఫొటోలో చూసి పేరు చెప్పడం ఎందుకు కుదరదు? ఆకారం అందరిదీ కాబట్టి. గిబ్సన్ వాళ్ళు 1922లో ఎల్-5 అనే గిటార్ తెచ్చారు. లాయిడ్ లోర్ అనే ఇంజనీర్ అక్కడ ఉన్నప్పుడు వచ్చిన మోడల్ అది, వయొలిన్‌లా ఎఫ్ రంధ్రాలతో. ఆ తర్వాత షికాగోలో కే, హార్మొనీ కంపెనీలు, జర్మనీలో హాఫ్నర్, ఫ్రామస్, జపాన్‌లో మరికొన్ని, అందరూ అదే రూపాన్ని పట్టుకున్నారు. ఫోన్ ఆకారం చూసి పోలుస్తుంది. అన్నీ ఒకే ఆకారమైనప్పుడు దానికి దొరికిన పేరేదో అది చెబుతుంది.

కానీ ఒకటుంది. కాపీ కొట్టేవాడు బయటికి కనిపించేదాన్ని కాపీ కొడతాడు. కనిపించని చోట తన అలవాటు ప్రకారమే పని చేస్తాడు. ఏ స్క్రూ వాడాలి, లోపల కర్ర పట్టీలు ఎలా వేయాలి, మెడకి ఎన్ని చెక్కలు అతకాలి, వైరు ఎలా మడిచి సోల్డర్ చేయాలి, ఇవన్నీ చేతికి అలవాటైనవి. వాటిని ఎవరూ కాపీ కొట్టరు, కొట్టాల్సిన పని లేదు. కాబట్టి గిటార్ ఎక్కడిదో తెలియాలంటే చూడాల్సింది అక్కడ.

ఇప్పుడు నా పొరపాటు. గిటార్ దొరికిన వారంలోనే సికింద్రాబాద్‌లో ఒక షాపులో తీగలు వేయమని ఇచ్చాను. రెండు రోజుల తర్వాత వెళ్తే ఆరు కీలు కొత్తవి, తళతళ మెరుస్తూ. "పాతవి తుప్పు పట్టాయి సార్, తిరగట్లేదు. మార్చేశాం, దానికి డబ్బులేం వద్దు" అన్నాడు అక్కడి కుర్రాడు. మంచి మనసుతోనే చేశాడు. పాతవి ఎక్కడ అని అడిగితే తుక్కు డబ్బా చూపించాడు. అందులో చెయ్యి పెట్టి వెతికాను. ఈ తరహా కీలు విడివిడిగా ఉండవు, మూడేసి ఒక ఇనుప పట్టీ మీద ఉంటాయి. ఎడమ పక్క పట్టీ దొరికింది. కుడి పక్కది అప్పటికే పాత ఇనుప సామాన్లవాడికి వెళ్ళిపోయింది. కొత్త కీల కోసం తల వెనక ఆరు కొత్త రంధ్రాలు కూడా పడ్డాయి. తీగలు తప్ప ఏదీ ముట్టుకోవద్దని చెప్పకుండా ఇవ్వడం నా తప్పు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "వార్నిష్ కొట్టిస్తే కొత్తదానిలా ఉంటుంది సార్" అని అదే కుర్రాడు అన్న మాట తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ మాటకి సరే అనుంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. ఒక్కో స్క్రూ విప్పే ముందు ఫొటో. విప్పిన స్క్రూ ఏ రంధ్రంలోదో రాసి జిప్ కవర్‌లో. తుడవడం లేదు, పాలిష్ లేదు. పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం, ఒక సన్నటి టార్చి, ఒక మల్టీమీటర్. పరికరాలు అంతే.

అద్దాన్ని ఆ కంటి ఆకారపు రంధ్రంలోంచి లోపలికి పెట్టాను. లేబుల్ లేదు, స్టాంపు లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ రంధ్రం అంచునే సరిగా చూడండి. టార్చి పక్కగా పెడితే అంచులో మూడు గీతలు కనిపించాయి. లేత, ముదురు, లేత. అంటే పైభాగం ఒకే చెక్కని చెక్కినది కాదు, ప్లైవుడ్‌ని అచ్చులో వంచినది. వెనక వైపు అలలు అలలుగా మెరిసే మేపుల్ కర్ర కూడా పైన అతికిన పల్చటి రేకే. మెడని పక్క నుంచి చూస్తే ఐదు పట్టీలు నిలువునా అతికి ఉన్నాయి. నట్ తర్వాత, మొదటి మెట్టుకి ముందు, ఇంకో మెట్టు ఉంది. దాన్ని జీరో ఫ్రెట్ అంటారు. ఆ కాలపు అమెరికన్ గిటార్లలో అది అరుదు, యూరప్ పనివాళ్ళకి బాగా అలవాటు. స్క్రూలన్నీ ఒంటి గాడివి, ప్లస్ ఆకారంవి కావు.

వాయించే చెయ్యి గీతలు పడకుండా పైన బిగించే రేకుని పిక్‌గార్డ్ అంటారు. నల్లమచ్చలున్న గోధుమరంగు పిక్‌గార్డ్ ఇది, అంచు పొడిపొడిగా రాలుతోంది. దాన్ని బట్టతో గట్టిగా రుద్ది వాసన చూశాను. కర్పూరం! హారతి పళ్ళెం దగ్గర వచ్చే వాసనే, కాస్త మందంగా. సెల్యులాయిడ్‌ని నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిపే చేస్తారు, అందుకే ఆ వాసన. వయసు మీద పడితే సెల్యులాయిడ్ కుళ్ళుతుంది, అందులోంచి వచ్చే ఆవిరి దగ్గరున్న లోహాన్ని తినేస్తుంది. పిక్‌గార్డ్ కింది స్క్రూ ఆకుపచ్చగా కరిగిపోయి ఉండటానికి కారణం అదే. మీ దగ్గర ఇలాంటి గిటార్ ఉంటే ఆ ముక్కని విడిగా తీసి గాలి తగిలేలా పెట్టండి. మూసిన కేసులో ఉంచితే మిగతా వాటిని కూడా పాడు చేస్తుంది.

అసలు సాక్ష్యం దొరికింది టెయిల్‌పీస్ వెనక. తీగల కింది చివరలు తగిలించే ఇత్తడి చట్రం అది. విప్పితే దాని కింద ఒకే జత రంధ్రాలున్నాయి. వేరే చట్రం ఎప్పుడూ బిగించలేదన్నమాట, అంటే ఇది పుట్టుకతో ఉన్నదే. ఈ తనిఖీ చాలా ముఖ్యం. ఎందుకంటే ఒక భాగం మీద రాసి ఉన్నది ఆ భాగం గురించి మాత్రమే చెబుతుంది, గిటార్ మొత్తం గురించి కాదు. చట్రం వెనక నాలుగు చిన్న అక్షరాలు. డి.బి.జి.ఎం. జర్మనీలో చిన్నచిన్న డిజైన్లకి ఇచ్చే రిజిస్ట్రేషన్ గుర్తు ఇది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇందులో రెండో అక్షరం ఆర్, అంటే రైఖ్, అప్పటి జర్మన్ రాజ్యం. బి వచ్చిందంటే బుండ్, అంటే 1949లో ఏర్పడిన పశ్చిమ జర్మనీ. ఒక్క అక్షరంతో కాలం తేలిపోయింది.

ఐదు పట్టీల మెడ, జీరో ఫ్రెట్, ఒంటి గాడి స్క్రూలు, ఈ గుర్తు, అన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఒక్క ఆనవాలుని నమ్మకూడదు. మూడు నాలుగు కలిసి ఒకే మాట చెప్పినప్పుడే నమ్మాలి.

అయితే హాఫ్నర్ అన్న పిన్ని కొడుకు మాట నిజమైనట్టేనా? పూర్తిగా కాదు, ఇక్కడి కథ వేరు. ఇప్పుడు చెక్ దేశంలో లూబీ అని పిలిచే ఊరు ఒకప్పుడు షోన్‌బాఖ్. తరతరాలుగా వయొలిన్లు, గిటార్లు చేసిన జర్మన్ కుటుంబాలు అక్కడుండేవి. కార్ల్ హాఫ్నర్ 1887లో కంపెనీ పెట్టింది కూడా అక్కడే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్ళని ఆ దేశం నుంచి వెళ్ళగొట్టారు. పనిముట్లు, అచ్చులు వదిలేసి వచ్చిన ఆ కుటుంబాల్లో చాలామంది 1949 తర్వాత బవేరియాలో బుబెన్‌రాయిట్ అనే చిన్న పల్లెలో స్థిరపడ్డారు. ఊళ్ళో ఉన్న వాళ్ళకంటే వచ్చి చేరిన పనివాళ్ళే ఎక్కువయ్యారు. ఒక ఇంట్లో మెడలు, ఇంకో ఇంట్లో బాడీలు, మరో ఇంట్లో కీలు చేసేవారు. మన పోచంపల్లిలో మగ్గం ఒక ఇంట్లో, ఆసు పోయడం ఇంకో ఇంట్లో, అద్దకం మరో ఇంట్లో సాగినట్టే. వాటిని కూర్చి పేరున్న కంపెనీలూ అమ్మేవి, పేరు లేకుండా హోల్‌సేల్ వ్యాపారులూ అమ్మేవారు. కాబట్టి ఇలాంటి గిటార్‌కి ఒక కంపెనీ పేరు ఉండి తీరాలన్న నియమం ఏమీ లేదు. తల మీద పేరు లేకపోవడం కూడా ఒక సమాచారమే.

మరి గిబ్సన్ స్టిక్కర్? హెయిర్ డ్రయర్‌తో కొద్దిగా వేడి చేసి ఒక మూల ఎత్తి చూశాను. కింద పాత లక్క మీద గీతలు, జిడ్డు, అరుగుదల. ఎన్నో ఏళ్ళు వాడాక అంటించిందే. ఎవరో ముచ్చటపడి అంటించుకున్నారు. దాన్ని అలాగే ఉంచాను.

ఇక ఎలక్ట్రిక్ భాగం. గిటార్‌కి పికప్ మూడు రకాలుగా వస్తుంది. ఫ్యాక్టరీలోనే పెట్టడం ఒకటి. గిబ్సన్ 1936లో తెచ్చిన ఈఎస్-150 అలాంటిదే. 1954లో వచ్చిన జె-160ఈ కూడా. 1962లో బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్, జార్జ్ హారిసన్ కొనుక్కున్నది దాన్నే. రెండోది, విడిగా కొని చెక్కని కోయకుండా తగిలించుకునేది. అమెరికాలో టొలీడో నుంచి వచ్చిన డి ఆర్మండ్ పికప్‌లు ఇలాగే వాడేవారు. మూడోది, ఎవరో తర్వాత చెక్క కోసి బిగించడం. ఏదో తెలుసుకోవడం కష్టమేం కాదు. కోత అంచు చూస్తే చాలు. కంటి రంధ్రాల అంచు మీద లక్క లోపలికి కారి గట్టిపడి ఉంది, అంటే లక్క వేయకముందే కోశారు. పికప్ కోసం కోసిన చోట అంచు పచ్చి చెక్క. లక్క లేదు. సన్నటి రంపం పళ్ళ గీతలు, ఒక మూల చెయ్యి జారి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ తెగిన గాటు. ఈ గిటార్ పుట్టినప్పుడు ఎలక్ట్రిక్ కాదు.

పికప్ ఎత్తాను. దాని ఎత్తు సరిచేయడానికి కింద మడతలు పెట్టిన అట్టముక్క ఉంది. మడత విప్పితే పసుపు రంగు మీద మన చార్మినార్. చార్మినార్ సిగరెట్ పెట్టె. హైదరాబాద్‌లో 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ కంపెనీ సరుకు. ఆ సిగరెట్ దేశమంతా అమ్మేవారు కాబట్టి అదొక్కటే రుజువు కాదని నాకూ తెలుసు. అయినా ఆ అట్టముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మల్టీమీటర్ పెడితే పికప్ కాయిల్ నిరోధం 2.9 కిలో ఓమ్‌లు చూపించింది. ఆ కాలపు ఫ్యాక్టరీ పికప్‌లు సాధారణంగా 5 నుంచి 9 మధ్య చూపిస్తాయి. కాయిల్ బతికే ఉంది, కానీ లెక్క వేరుగా ఉంది. కోఠీలో గుజరాతీ గల్లీ దగ్గర పాత కాయిల్ వైండింగ్ పని చేసే పెద్దాయన ఒకరున్నారని తెలిసి తీసుకెళ్ళాను. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, పికప్‌ని కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూశాడు. బయటికి వచ్చిన తీగ కొసని రెండు వేళ్ళ మధ్య నలిపాడు.

"44 గేజ్ బేటా. ట్రాన్స్‌ఫార్మర్ వైరు."

"గిటార్ పికప్‌లకి ఇదే వాడతారా చాచా?"

"ఫారిన్‌వాటికి ఇంకా సన్నది, 46. ఇది ఇక్కడ దొరికిందాన్ని చుట్టారు. మెషిన్ మీద కాదు, చేతి చర్ఖా మీద. చూడు, ఈ మూల ఎక్కువ, ఆ మూల తక్కువ." కాసేపాగి, "మంచి పని. తొందరపడి చేసింది కాదు" అన్నాడు.

రీవైండింగ్ చేయనా అని ఆయన అడగలేదు. తెగిపోయిన ఎర్త్ వైరుని ఒక్క బొట్టు సోల్డర్‌తో అతికించి, 50 రూపాయలు తీసుకుని పంపించాడు. ఈ మొత్తం వ్యవహారంలో గిటార్‌ని సరిగ్గా చూసిన మొదటి మనిషి ఆయనే అని నా అభిప్రాయం.

అంటే ఈ గిటార్‌లో సగం బవేరియా పల్లెది, సగం మన ఊరిది. ఆ పికప్ చుట్టినవాడు ఎలక్ట్రిక్ గిటార్‌ని దగ్గరగా చూసే అవకాశమే అరుదైన రోజుల్లో, రేడియో సామాన్లతో, పికప్ ఎలా పని చేస్తుందో అర్థం చేసుకుని చేశాడు. అతన్ని "లోకల్ మెకానిక్" అని పక్కకి తోసి, జర్మనీ వాడిని మాత్రం "మేకర్" అనడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది. ఇద్దరిదీ చేతిపనే.

మరి ఆ ఎత్తు నట్? చాలా రోజులు అర్థం కాలేదు. వీడియో కాల్‌లో అమ్మకి గిటార్ చూపిస్తూ, చిన్నతాతయ్య ఎలా వాయించేవాడు అని ఊరికే అడిగాను.

"వాయించడం ఏముంది, ఒళ్ళో పడుకోబెట్టుకుని ఇస్త్రీ చేసినట్టు పైనుంచి రాసేవాడు. సినిమాల్లోలా పట్టుకోవడం ఆయనకి రాదని మేమందరం నవ్వేవాళ్ళం" అంది.

అక్కడితో ముడి విడిపోయింది. అది హవాయియన్ గిటార్ పద్ధతి. గిటార్‌ని ఒళ్ళో వెల్లకిలా పెట్టి, ఎడమ చేత్తో స్టీల్ బార్‌ని తీగల మీద జార్చుతారు. బార్ మెట్లకి తగలకూడదు కాబట్టి నట్ మీద పట్టీ తొడిగి తీగలు ఎత్తుతారు. హవాయి దీవుల్లో 19వ శతాబ్దం చివర్లో జోసెఫ్ కెకుకు పేరుతో ప్రచారంలోకి వచ్చిన పద్ధతి అది. అసలు వ్యాపారపరంగా నిలబడిన మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కూడా ఒళ్ళో పెట్టుకునేదే. 1930ల మొదట్లో రికెన్‌బాకర్ వాళ్ళు తెచ్చిన 'ఫ్రయింగ్ పాన్'. మన దేశంలోకి ఈ వాద్యం బలంగా వచ్చింది కలకత్తా దారిలో. టౌ మో అనే కళాకారుడి కుటుంబం 1940లలో అక్కడ ఉంది. తర్వాత వాన్ షిప్లే సినిమా పాటల్ని ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయించి ఇంటింటికీ చేర్చారు. బ్రిజ్ భూషణ్ కాబ్రా దాన్ని హిందుస్తానీ కచేరీకి తెచ్చారు. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి చేసిన రికార్డుతో ఆయన గిటార్ దేశమంతా వినిపించింది. విశ్వమోహన్ భట్ ఇలాంటి ఆర్చ్‌టాప్‌నే, మీటకుండానే అనునాదంతో మోగే తరఫ్ తీగలతో సహా, 20 తీగల మోహన వీణగా మార్చి వాయించారు, 1994లో గ్రామీ అందుకున్నారు. గమకం పలకాలంటే స్వరం నుంచి స్వరానికి జారాలి. మెట్లున్న గిటార్‌లో అది కష్టం, బార్‌తో సులువు. మనవాళ్ళు ఈ వాద్యాన్ని అంతగా ఎందుకు అక్కున చేర్చుకున్నారో దీంతో తెలుస్తుంది.

ఇంకోసారి మెట్ల వైపు చూశాను. మొదటి మూడు మెట్ల మీద తీగల కింద చిన్న గుంటలున్నాయి. మామూలుగా కార్డ్స్ (ఒకేసారి కొన్ని తీగలు నొక్కి పలికించే స్వరాల గుంపులు) పట్టుకుని వాయిస్తే అరిగే చోట్లు అవే. ఆ పైన మెట్లు కొత్తవాటిలా ఉన్నాయి. అంటే చిన్నతాతయ్యకి ముందు ఇంకెవరో దీన్ని మామూలు పద్ధతిలో వాయించారు. అమ్మని మళ్ళీ అడిగితే గుర్తు తెచ్చుకుంది. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో, ఇల్లు ఎత్తేసి ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఆంగ్లో ఇండియన్ల దగ్గర కొన్నాడట. నెల జీతం దానికే పెట్టాడని అమ్మమ్మ వారం రోజులు మాట్లాడలేదట. మెట్ల మీది ఆ గుంటలు ఆ ఇంట్లో ఎవరి వేళ్ళవో.

ఇప్పుడు నాతో ఏకీభవించని వాళ్ళ మాట. పాత గిటార్లు సేకరించే మిత్రుడొకరు ఇదంతా విని అన్నారు. "ఆ పికప్ తీసేసి రంధ్రం పూడ్చండి, నట్ మార్చండి, రేడియో నాబ్‌లు పారేయండి. ఒరిజినల్ స్థితికి తెస్తే విలువ." మార్కెట్ సంగతి ఆయన చెప్పింది నిజమే. కోత పడిన గిటార్‌కి ధర తగ్గుతుంది. డబ్బు అవసరమైన వాళ్ళు అమ్ముకోవడంలో కూడా తప్పేమీ లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మినంత వరకు. కానీ "ఒరిజినల్" అన్న మాటతో నాకు పేచీ ఉంది. ఈ గిటార్ 1949 తర్వాత ఎప్పుడో ఒక జర్మన్ పల్లెలో కొద్ది నెలలు ఆ స్థితిలో ఉండి ఉంటుంది. మా ఇంట్లో దశాబ్దాలు ఈ స్థితిలో ఉంది. ఇందులో ఏది అసలు, ఏది నకలు? ఆ కొద్ది నెలల కోసం ఈ దశాబ్దాలని పూడ్చిపెట్టమంటే నేను ఒప్పుకోను.

మన వీణ విషయంలో మనం ఇలా ఆలోచించం. వీణ ఏ కంపెనీది అని ఎవరైనా అడిగారా? బొబ్బిలిదా, నూజివీడుదా, తంజావూరుదా అంటాం. పనసకర్ర ఎంత పాతది, ఏకాండమా, అతుకులా అని చూస్తాం. మేళం, అంటే మైనం మీద మెట్లు, ఎవరు కట్టారు అని అడుగుతాం. కొన్నేళ్ళకోసారి మైనం కరిగించి మెట్లన్నీ మళ్ళీ కూరుస్తారు. దాంతో ఆ వీణ నకిలీ అయిందని ఎవరూ అనరు. కట్టినవాడి పేరు కూడా దాని కథలో చేరుతుంది. గిటార్‌కి కూడా ఆ పాటి గౌరవం ఇవ్వమనే నేను అడుగుతున్నది.

మరమ్మతే వద్దని కాదు. పూర్తి సెట్టు తీగలు శ్రుతిలో ఉంటే మెడ మీద సుమారు 70 కిలోల లాగుడు ఉంటుంది. అటక మీద మన ఏప్రిల్, మే ఎండలకి మెడ అతుకు వేలిగోరు దూరేంత విచ్చుకుంది. అది అతికించక తప్పదు. అతుకులో ఉన్నది సరేసు, పశువుల చర్మం నుంచి తీసే పాతకాలపు జిగురు. వేడీ తడీ తగిలితే మెత్తబడుతుంది కాబట్టి విప్పి మళ్ళీ అదే సరేసుతో అతికించవచ్చు. ఇవాళ్టి తెల్ల జిగురు పోస్తే రేపు ఇంకొకరు విప్పడం చాలా కష్టం. తర్వాతి మనిషి విప్పగలిగేలా చేసేదే మరమ్మతు. ఆ పని సరేసుతో చేసే వయొలిన్ మరమ్మతుదారుకి ఇచ్చాను, ఈసారి ఏం ముట్టుకోకూడదో కాగితం మీద రాసి.

గిటార్ కేసులో ఇప్పుడు ఇంకో కాగితం ఉంది. "బాడీ, మెడ: పశ్చిమ జర్మనీ, 1949 తర్వాత, బహుశా బుబెన్‌రాయిట్ ప్రాంతం. మొదట వాయించినవారు: లాలాగూడ రైల్వే క్వార్టర్స్ కుటుంబం. పికప్, వైరింగ్: చేత్తో చుట్టినది, 44 గేజ్ వైరు, బహుశా హైదరాబాద్. ఎత్తు నట్: హవాయియన్ పద్ధతి కోసం. వాయించినది: చిన్నతాతయ్య." కింద జిప్ కవర్‌లో చార్మినార్ అట్టముక్క. ఫొటో తీసి పంపితే అమ్మ వెంటనే ఫోన్ చేసింది. "ఇస్త్రీ చేసినట్టు వాయించేవాడని కూడా రాయి, అప్పుడే తెలుస్తుంది చదివినవాళ్ళకి" అంది. రాశాను.

బావ ఇప్పుడు అమ్మకం మాట ఎత్తడం లేదు. ఆదివారాలు నాతో పాటు ఎర్రగడ్డ సంతకి వస్తున్నాడు. పాత ఇనుము, విరిగిన హార్మోనియంలు, వైర్లు ఊడిన ఆంప్లిఫయర్లు పరిచిన పట్టాల మధ్య వంగి వంగి వెతుకుతున్నాం. మాకు కావలసింది మూడు కీలున్న పాత పట్టీ ఒకటి, కుడి పక్కది. కీల మధ్య దూరం 35 మిల్లీమీటర్లు, దంతం రంగు బుడిపెలు, ఒంటి గాడి స్క్రూలు. ఎడమ పక్కది బావ జేబులోనే ఉంటుంది, దొరికితే అక్కడికక్కడే పక్కన పెట్టి చూసుకోవడానికి.